మా సీమకొచ్చిన చికున్‌గున్యాలో ఆ మార్పు లేదు

దోమ ఉమ్ము తీయడం నా ఉద్యోగంలో పెద్ద పని. ఈ మాట వినగానే మా చుట్టాల్లో ఎవరో ఒకరు "దోమకు ఉమ్ము కూడానా తల్లీ!" అంటారు. ఉంది. డెంగీ అయినా, జికా అయినా, చికున్‌గున్యా అయినా దోమ నుంచి మనకు అంటేది ఆ ఉమ్ములోంచే. రక్తం పీల్చేటప్పుడు అది గడ్డకట్టకుండా దోమ కాస్త ఉమ్ము మన ఒంట్లోకి వదులుతుంది. ఆ ఉమ్ములో వైరస్ ఉంటే జబ్బు, లేకపోతే ఉత్త దద్దురు.

ఎలా తీస్తామో చెప్తాను. వైరస్ కలిపిన రక్తాన్ని మనిషి ఒంటి వేడికి తెచ్చి, సన్నటి పొర కింద పోసి దోమలకు పెడతాం. ఆడదోమలు పొరలోంచి తొండం దింపి తాగుతాయి. కడుపు ఎర్రగా ఉబ్బినవాటిని ఏరి వేరే డబ్బాల్లో పెట్టి, కొన్ని రోజులు పంచదార నీళ్ళ మీద పెంచుతాం. ఈ పనంతా ఒకదాని తర్వాత ఒకటి మూసుకునే తలుపులున్న గదిలో జరుగుతుంది. లోపలికి ఎన్ని దోమలు వెళ్ళాయో, పని అయ్యాక ఎన్ని తేలాయో లెక్క సరిపోవాలి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా ఎవరూ బయటికి రారు.

అనుకున్న రోజున వాటిని చల్లటి పళ్లెం మీద పోస్తే మత్తుగా పడుంటాయి. మైక్రోస్కోపు కింద సన్నటి పట్టకారుతో ఆరు కాళ్ళూ రెండు రెక్కలూ తీసేసి, నూనె నింపిన గాజు గొట్టంలోకి తొండం దూర్చి కాసేపు వదిలేస్తాం. దోమ ఉమ్మితే నూనెలో కంటికి ఆనీ ఆనని బొట్లు కనపడతాయి. ఒక్కో దోమకు మూడు ట్యూబులు. ఒళ్ళు ఒకదాంట్లో, కాళ్ళూ రెక్కలూ ఒకదాంట్లో, ఉమ్ము ఒకదాంట్లో. మూడూ విడివిడిగా పరీక్షించాలి. ఎందుకంటే వైరస్ ఉన్న రక్తం తాగిన ప్రతి దోమా జబ్బు అంటించలేదు. వైరస్ ముందు దోమ పేగు గోడలోని కణాల్లోకి దూరాలి. అక్కడ పెరిగి, గోడ దాటి ఒంట్లోకి పడాలి. ఆ తర్వాత లాలాజల గ్రంథుల్లోకి చేరి ఉమ్ములోకి రావాలి. ఇవి మూడు గడపలు. ఒళ్ళున్న ట్యూబులోనే వైరస్ దొరికితే రెండో గడప దగ్గర ఆగిపోయిందని, కాళ్ళలోనూ దొరికితే అదీ దాటిందని, ఉమ్ములో దొరికితే ఇక ఆ దోమ కుట్టిన మనిషికి జబ్బు అంటగలదని లెక్క.

చికున్‌గున్యా ఈ మూడు గడపలూ చాలా త్వరగా దాటేస్తుంది. డెంగీ వైరస్‌కు సాధారణంగా వారం పైన పడుతుంది. చికున్‌గున్యా సరిపడ్డ దోమలో పడితే రెండు మూడు రోజుల్లోనే ఉమ్ములో తేలుతుంది. ఊళ్ళకు ఊళ్ళు ఒక్కసారిగా మంచం పట్టడానికి ఇదొక కారణం.

"సరిపడ్డ దోమ" అన్నాను చూడండి, ఈ పోస్టంతా దాని గురించే. వైరస్‌లో ఒక్క మార్పు వస్తే దానికి సరిపడే దోమ ఎలా మారుతుందో చెప్తాను.

చికున్‌గున్యా వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ, అంటే అక్షరాల్లా వరసగా పేర్చిన రసాయనాల గొలుసు. మొత్తం దాదాపు 11,800 అక్షరాలు. మన కణాలు డీఎన్‌ఏను నకలు తీసేటప్పుడు తప్పులు పడితే దిద్దే ఏర్పాటు ఉంటుంది. ఈ వైరస్‌కు అది లేదు. సుమారు పదివేల అక్షరాలకు ఒక తప్పు పడుతుందని అంచనా. అంటే ఇంచుమించు ప్రతి నకలులోనూ ఏదో ఒక అక్షరం మారినట్టే. జబ్బు పడ్డ మనిషి రక్తంలో తిరిగేవి అన్నీ ఒకే వైరస్ కావు, కొద్దికొద్ది తేడాలున్న పెద్ద గుంపు.

మరి ఇన్ని తప్పులు చేసే వైరస్ ఏడాదికో రూపం ఎత్తాలి కదా అని మా దగ్గరికి కొత్తగా వచ్చే విద్యార్థులు అడుగుతారు. అలా జరగదు. అది మనిషిలోనూ బతకాలి, దోమలోనూ బతకాలి. మనిషి కణంలో కలిసొచ్చిన మార్పు దోమ పేగులో పనికిరాకపోవచ్చు. దోమలో బాగా నడిచింది మనిషిలో చతికిలబడొచ్చు. రెండు చోట్లా నెగ్గాల్సి రావడం వల్ల మార్పుల్లో చాలా భాగం రాలిపోతాయి. దానికితోడు దోమ పేగు గోడ దగ్గర పెద్ద వడపోత జరుగుతుంది. లక్షల్లో లోపలికొచ్చిన వైరస్‌లలో గోడ కణాల్లోకి దూరగలిగేవి కొన్నే. అందుకే ఇలాంటి వైరస్‌లో ఒక మార్పు నిలబడి, వ్యాపించి, మిగతావాటిని పక్కకు నెట్టేసిందంటే మేమంతా ఆగి చూస్తాం.

2005లో రీయూనియన్ దీవిలో జరిగింది అదే.

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఫ్రెంచి దీవి అది. తమిళ, తెలుగు దేశాల నుంచి చెరుకు తోటల పనికి వెళ్ళిన కూలీల వంశాలవాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. 2004లో కెన్యా తీరంలోని లాము దీవిలో చికున్‌గున్యా రేగింది. అక్కడి నుంచి మొంబాసా, తర్వాత కొమోరోస్ దీవులు, 2005 మొదట్లో రీయూనియన్. మొదటి నెలల్లో కేసులు ఉన్నా లేనట్టే ఉండి, అక్కడ ఎండాకాలం మొదలైన డిసెంబరు నుంచి ఒక్కసారిగా ఎగిశాయి. ఉధృతంగా ఉన్నప్పుడు వారానికి 40 వేలకు పైగా జనం జబ్బు పడ్డారు. మొత్తం జనాభా ఏడున్నర లక్షల పైచిలుకు అయితే, జబ్బు చేసినవాళ్ళు సుమారు 2,66,000. మూడోవంతు దీవి.

ఫ్రెంచి శాస్త్రవేత్తలు మొదట్లో తీసిన వైరస్‌నూ, తర్వాత తీసిన వైరస్‌నూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా ఒకచోట తేలింది. వైరస్ పైపొర మీద ఈ1 అనే ప్రోటీన్ ఉంటుంది. కణంలోకి చొరబడేటప్పుడు వైరస్ పొర, కణం పొర కలిసిపోయేలా చేసేది అదే. ప్రోటీన్ అంటే అమినో ఆమ్లాలు వరసగా గుచ్చిన దండ, ఏది ఎక్కడ రావాలో ఆర్‌ఎన్‌ఏ అక్షరాలే చెప్తాయి. ఈ1లో 226వ స్థానంలో మొదట అలనిన్ అనే అమినో ఆమ్లం ఉండేది. తర్వాతి వైరస్‌లలో, నూటికి తొంభైకి పైగా, అక్కడ వలైన్ ఉంది. ఆర్‌ఎన్‌ఏలో సి ఉన్నచోట యు పడింది, అంతే. పదకొండు వేల ఎనిమిది వందల్లో ఒక్క అక్షరం.

ఒక్క అక్షరానికి అంత సీన్ ఉందా అని అప్పుడు చాలామందికి అనుమానం. 2007లో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో కాన్‌స్టాంటిన్ సెట్సార్కిన్, స్టీఫెన్ హిగ్స్ బృందం దాన్ని తేల్చింది. అన్నీ ఒకేలా ఉండి, ఆ ఒక్క చోట మాత్రమే తేడా ఉన్న రెండు వైరస్‌లను ల్యాబ్‌లో తయారుచేసి, రెండు రకాల దోమలకు పెట్టారు. ఒకటి ఏడిస్ ఈజిప్టై. రెండోది ఏడిస్ ఆల్బోపిక్టస్. మార్పు ఉన్న వైరస్ ఆల్బోపిక్టస్ పేగులోకి దూరడానికి మునుపటికంటే దాదాపు వంద రెట్లు తక్కువ వైరస్ సరిపోయింది. ఈజిప్టైలో మాత్రం ఆ మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు.

రీయూనియన్‌లో ఈజిప్టై చాలా అరుదు. జనాన్ని కుట్టేది ఆల్బోపిక్టస్. కాబట్టి ఆ అక్షరం మారిన వైరస్‌కే అక్కడ దారి దొరికింది.

ఈ రెండు దోమలూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళే. రెండిటికీ నల్లటి ఒంటి మీద తెల్ల చారలు, రెండూ పగలే కుడతాయి. మన పేపర్లు రెండిటినీ కలిపి పులి దోమ అనేస్తాయి. తేడా తెలియాలంటే వీపు చూడాలి. ఆల్బోపిక్టస్ వీపు మధ్యలో తల నుంచి కిందికి వెండి దారం పోసినట్టు ఒకే ఒక గీత. ఈజిప్టైకి రెండు పక్కలా వంపు తిరిగిన తెల్ల గీతలు, వాటి మధ్య ఇంకో రెండు సన్నటివి. ఒకసారి గుర్తుపట్టడం అలవాటైతే గోడ మీద వాలిన దోమను చూసి చెప్పేయొచ్చు. నడవడికలో తేడా ఇంకా పెద్దది. ఈజిప్టై ఇంటి దోమ. మన తొట్టిలో పుట్టి, మన మంచం కింద, తగిలించిన బట్టల వెనక కూర్చుని, మన రక్తమే ఎక్కువగా తాగుతుంది. ఆల్బోపిక్టస్‌కు చెట్టూ నీడా కావాలి. తోటల్లో, పొదల్లో ఉంటుంది, మనిషినీ పశువునూ దేన్నైనా కుడుతుంది.

ఇక మా ఊరి సంగతి.

మాది కదిరి దగ్గర పల్లె. అప్పట్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. చికున్‌గున్యా దేశంలో మళ్ళీ బయటపడింది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 2005 చివర్లో. 2006 ఎండాకాలం వచ్చేసరికి రాయలసీమ పల్లెల్లో దాన్ని చూడని ఇల్లు లేదు. నేను అప్పుడు ఏడో తరగతి. మా ఇంట్లో ముందు నాయన, వెనకే అమ్మ, తర్వాత అవ్వ. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగిపోయింది. దిగాక మొదలైంది అసలు బాధ. అవ్వకు పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. చెంబు చెవి పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని నీళ్ళు తాగేది. మా నాయన గోడ పట్టుకుని నడిచాడు. శనక్కాయల సీజన్‌కు విత్తనం వేయడానికి మనుషులు దొరకలేదు, పిలవడానికి వెళ్తే ఆ ఇంట్లోనూ అందరూ పడుకునే ఉన్నారు. అవ్వకు కీళ్ళ నొప్పులు పోతాయి పోతాయి అంటూనే ఏళ్ళు గడిచాయి.

జబ్బు ఎందుకు అలా ఇంటిల్లిపాదినీ పట్టిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. మా ఇంటి వెనక సిమెంటు తొట్టి ఉండేది. బోర్లు ఎండిపోయిన కాలం, ట్యాంకరు వచ్చినరోజు పట్టుకున్న నీళ్ళే మళ్ళీ అది వచ్చేదాకా. తొట్టి, రెండు డ్రమ్ములు, బాన, బిందెలు, అన్నీ నింపి పెట్టుకోవడమే. తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడగడం అనే మాటే లేదు, అడుగు నీళ్ళు కూడా పశువులకు పనికొచ్చేవి. నీళ్ళ మీద చేయి పెడితే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి పారిపోయేవి. మేం పిల్లలం వాటితో ఆడుకునేవాళ్ళం. అవి ఈజిప్టై లార్వాలు. వాన లేని ప్రాంతంలో దోమల జబ్బేమిటని అప్పట్లో పెద్దవాళ్ళు ఆశ్చర్యపోయారు గానీ, ఈ దోమకు వానతో పని లేదు. కరువు వల్ల మేం దాచుకున్న నీళ్ళే దానికి చాలు. పైగా ఈజిప్టై ఒకరి దగ్గరే కడుపునిండా తాగి పోయే రకం కాదు. చేయి కదిపితే లేచి పక్కనున్నవాళ్ళ మీద వాలుతుంది. ఒక్క దోమ ఒక్క పూటలో ఇంట్లో నలుగుర్నీ చుట్టేస్తుంది.

ఆ ఏడాది దేశం మొత్తం మీద అధికారికంగా లెక్కకొచ్చిన అనుమానిత కేసులే 13 లక్షల 90 వేలు. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వాళ్ళు మన రోగుల రక్తం నుంచి వైరస్ తీసి చదివారు. మన దేశానికి ఈ జబ్బు కొత్త కాదు. 1963లో కలకత్తా, 1964లో మద్రాసు, వేలూరు, 1965లో మన విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ చూశాయి. 1973లో మహారాష్ట్రలోని బార్సీ తర్వాత మళ్ళీ పెద్దగా కనపడలేదు. అప్పటిది ఆసియా రకం. 2006లో వచ్చింది అది తిరిగి లేచింది కాదు. తూర్పు ఆఫ్రికా నుంచి కొత్తగా దిగిన రకం, రీయూనియన్‌ను ముంచిన దానికి దాయాది. వంశవృక్షం గీసి చూస్తే మనకొచ్చింది రీయూనియన్ మీదుగా కూడా కాదు. రెండూ కెన్యా తీరం నుంచి వేర్వేరుగా బయల్దేరాయి.

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇవన్నీ చదువుతూ నేను ఆ 226వ స్థానం కోసం వెతికాను. మా అవ్వ వేళ్ళను అలా చేసిన వైరస్‌లో ఆ పేరుమోసిన మార్పు ఉండే ఉంటుందని అనుకోవడం సహజం. లేదు. 2006లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో తీసిన వైరస్‌లలో అక్కడ పాత అలనినే ఉంది. మా ఊళ్ళను పడగొట్టడానికి వైరస్‌కు ఏ మార్పూ అక్కర్లేదు. మా తొట్ల నిండా ఈజిప్టై ఉంది, ఉన్న రూపంతోనే దాని పేగులోకి హాయిగా దూరింది.

మార్పు వచ్చింది మరుసటేడు, కేరళలో.

2007లో కొట్టాయం, పత్తనంతిట్ట, ఆలప్పుళ వైపు చికున్‌గున్యా పెద్దయెత్తున రేగినప్పుడు, పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళ కొట్టాయం శాఖ అక్కడి వైరస్‌ను చదివింది. 226లో వలైన్. రీయూనియన్ నుంచి ఎవరో తెచ్చింది కాదు. మన సీమలో, కన్నడ దేశంలో తిరిగిన అలనిన్ వైరస్ వంశంలోనే, కేరళకు చేరాక, అదే అక్షరం అదే విధంగా మారింది. ఆఫ్రికాలోని కామెరూన్, గాబన్‌ల వైపు కూడా ఆ రోజుల్లోనే ఇదే మార్పు విడిగా వచ్చింది. నాలుగు చోట్లా కామన్‌గా ఉన్నది ఒకటే, ఆల్బోపిక్టస్.

కేరళ రబ్బరు తోటల్లో దోమలు పట్టడానికి నేను వెళ్ళాను. అంత నీడ మా సీమ పిల్లకు కొత్త. వరసగా చెట్లు, ఒక్కో చెట్టుకు కోత కింద తీగతో కట్టిన చిప్ప. కొన్నిచోట్ల ప్లాస్టిక్ కప్పు, కొన్నిచోట్ల కొబ్బరి చిప్పే. పాలు కారే రోజుల్లో చిప్పలో పాలుంటాయి కాబట్టి దోమకు అవకాశం లేదు. జోరు వానల్లో పాలు తీయడం ఆపేస్తారు. అప్పుడు చిప్పల్ని బోర్లించాలి. బోర్లించకపోతే చెట్టుకు ఒకటి చొప్పున నీళ్ళ చిప్ప తయారు. ఒకదాంట్లోకి టార్చి వేసి చూస్తే రాలిన ఆకు ముక్క, గోధుమ రంగు నీళ్ళు, అడుగునుంచి పైకీ కిందికీ ఊగుతున్న లార్వాలు. ల్యాబ్‌కు తెచ్చి పెంచితే దాదాపు అన్నీ ఆల్బోపిక్టస్‌లే అయ్యాయి. ఎకరానికి ఎన్ని చెట్లో లెక్కేసుకోండి. వైరస్ ఆ తోటల్లోకి వచ్చాక ఆల్బోపిక్టస్‌లో బాగా నడిచే తప్పు ఎక్కడో ఒక మనిషి ఒంట్లో, ఏదో ఒక నకలులో పడటమే ఆలస్యం. అలాంటి తప్పు రాయలసీమలోనూ పడే ఉంటుంది, లక్షలమంది జబ్బుపడ్డారు కదా. కాకపోతే అక్కడి ఇంటి దోమలో దానికి కలిసొచ్చేదేమీ లేదు, గుంపులో కలిసి పోయింది.

అదే 2007 వేసవిలో కేరళ నుంచి ఇటలీలోని రవెన్నా దగ్గర పల్లెకు ఒకాయన చుట్టాలింటికి వెళ్ళాడు. అక్కడ జ్వరం వచ్చింది. ఆ ఊళ్ళో ఆల్బోపిక్టస్ అప్పటికే స్థిరపడి ఉంది. రెండొందల మందికి పైగా జబ్బు పడ్డారు. ఐరోపా గడ్డ మీద చికున్‌గున్యా అలా స్థానికంగా అంటుకోవడం అదే మొదలు. ఆ వైరస్‌లో ఉన్నదీ వలైనే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడు చెప్తాను. ఆల్బోపిక్టస్ పుట్టిల్లు ఆసియానే. పాత ఆసియా రకం చికున్‌గున్యా థాయిలాండ్, ఇండోనేషియా వంటి దేశాల్లో యాభై అరవై ఏళ్ళు తిరిగింది. చుట్టూ ఆల్బోపిక్టస్ ఉన్నా ఒక్కసారీ దానికి తగ్గట్టు మారలేదు. కొత్తగా వచ్చిన ఆఫ్రికా రకం రెండు మూడేళ్ళలో వేర్వేరు చోట్ల విడివిడిగా మారింది. ఎందుకు? 2011లో సెట్సార్కిన్, స్కాట్ వీవర్ బృందం జవాబు చూపించింది. ఆసియా రకంలో అదే ఈ1 ప్రోటీన్‌లో 98వ స్థానంలో వేరే అమినో ఆమ్లం ఉంది. అది అక్కడ ఉన్నంతకాలం 226లో వలైన్ వచ్చినా ఆల్బోపిక్టస్‌లో లాభం ఉండదు. ఎప్పుడో ఆసియాకు వచ్చిన మొదటి వైరస్‌లో ఉన్న ఆ 98వ స్థానపు తేడా దాని సంతతి అంతటికీ ఆ దారి మూసేసింది. లాభం రావాలంటే రెండు స్థానాలూ మారాలి, ఒకటి మారితే చాలదు.

ఈ పేపరు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక మార్పు మంచిదా చెడ్డదా అనేది ఆ మార్పులో లేదు. దాని పక్కన ఇంకే అక్షరాలున్నాయి, ఊళ్ళో ఏ దోమ ఉంది, ఈ రెండూ తెలిస్తేనే చెప్పగలం.

కథ అక్కడితో ఆగలేదు. కేరళ వైరస్‌లో 2009కల్లా ఈ2 అనే ఇంకో ప్రోటీన్‌లో 210వ స్థానం మారి, ఆల్బోపిక్టస్‌లో ఇంకాస్త పట్టు దొరికింది. అటు 2016లో ఢిల్లీని కుదిపిన వైరస్‌లో 226 దగ్గర మళ్ళీ అలనినే. దాంట్లో కనిపించిన వేరే రెండు మార్పులు, ఈ1లో 211, ఈ2లో 264, ఈజిప్టైకి పనికొచ్చేవని మనవాళ్ళ ప్రయోగాల్లో తేలింది. ఢిల్లీ ఈజిప్టై ఊరు. ఇక 2013 చివర్లో కరీబియన్ దీవులకు చేరి ఏడాదిలో పది లక్షలు దాటిన వైరస్ ఆ పాత ఆసియా రకమే. దానికి ఆల్బోపిక్టస్ దారి మూసి ఉన్నా అక్కడ ఈజిప్టైకి కొదవ లేదు.

ఇదంతా తెలిశాక నాకు ఒక విషయంలో పట్టుదల పెరిగింది. వైరస్ జన్యువు చదవడానికి ఇప్పుడు డబ్బు వస్తోంది, మిషన్లు వచ్చాయి, మంచిదే. కానీ దోమ పేరు రాసుకునే మనిషి ఏడి? 2006లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ దోమ ఎంత ఉండేదో తెలుసుకుందామని ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఫాగింగ్‌కు వాడిన మందు లెక్కలు చూపించారు, కేసుల లెక్కలు చూపించారు. దోమల రికార్డు అడిగితే ఉన్న ఒక్క ఎంటమాలజిస్టు (కీటకాల నిపుణుడి) పోస్టు ఖాళీ అయ్యి చాలా కాలమైందన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్షరం ఎక్కడ మారిందో రేపు ఏ ల్యాబైనా ఒక్కరోజులో చెప్తుంది. ఆ మార్పు మన జిల్లాకు ప్రమాదమా కాదా అంటే మాత్రం, మన జిల్లాలో ఏ దోమ ఎక్కడ ఎంత ఉందో తెలియకుండా ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. తొట్లలోంచి లార్వా తీసి, పెంచి, వీపు మీద గీతలు చూసి రాసుకోవడం ఖరీదైన పనేమీ కాదు. నేర్పిస్తే డిగ్రీ పిల్లలు చక్కగా చేస్తారు. సీమలో ఇప్పుడు కాలువ నీళ్ళొచ్చి చీనీ, మామిడి తోటలు పెరిగిన చోట్ల ఇంటి దోమతో పాటు తోట దోమ లెక్కా కావాలి. తోటలు పెరిగితే ఆల్బోపిక్టస్‌కూ చోటు పెరుగుతుంది.

మొన్న ఫోన్లో అమ్మ అడిగింది. "ఏం పాపా, ఆ జరం మళ్ళా వస్తాదా?"

"నీకు రాకపోవచ్చులే మా. ఒకసారి వస్తే చాలా ఏళ్ళు రక్షణ ఉంటుంది" అన్నాను.

"నాకు సరే. పిల్లోళ్ళకు?"

అమ్మ సరిగ్గా అసలు ప్రశ్న దగ్గరికే వచ్చింది. 2017-18లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా రక్తనమూనాలు తీసి చూస్తే చికున్‌గున్యా యాంటీబాడీలు, అంటే ఆ వైరస్ ఒకసారి సోకిన గుర్తుగా రక్తంలో మిగిలేవి, 18.1 శాతం మందిలో ఉన్నాయి. దక్షిణాదిలో 43.1 శాతం. అయితే వయసు తగ్గేకొద్దీ ఆ సంఖ్యా తగ్గింది. 2006 తర్వాత పుట్టిన పిల్లల్లో చాలామందికి ఈ వైరస్ ముఖం తెలియదు. రీయూనియన్‌లో ఏమైందో చూడండి. 2006 తర్వాత చాలాకాలం నెమ్మదిగా ఉన్న దీవిలో 2024లో మళ్ళీ మొదలై, 2025లో 50 వేలకు పైగా కేసులు నిర్ధారణ అయ్యాయి. మధ్యలో పుట్టినవాళ్ళూ, అప్పుడు తప్పించుకున్నవాళ్ళూ దానికి చాలు. ఆ వైరస్‌లోనూ 226లో వలైన్ ఉంది.

అమ్మకు ఇదంతా చెప్పలేదు. తొట్టి గురించి మాత్రం చెప్పాను. శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్త వచ్చి చెప్తే నీళ్ళు పారబోసి వెంటనే నింపేస్తున్నారట. అది సగం పనే. ఏడిస్ గుడ్లు నీళ్ళలో ఉండవు, నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని ఉంటాయి. నల్లటి ఇసుక రేణువుల్లా కనపడతాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే ఖాళీ చేశాక కొబ్బరి పీచుతోనో ఇనుప బ్రష్షుతోనో లోపలి గోడ గట్టిగా రుద్ది, ఆ నీళ్ళు ఎండలో నేల మీద పోసి, అప్పుడు నింపమన్నాను. డ్రమ్ములకు పాత చీర ముక్క రెండు మడతలు వేసి తాడుతో బిగించమన్నాను.

"మీ నాయనకు చెప్తా, ఆయప్పే రుద్దాల ఇంక" అంది అమ్మ.